తొమ్మిది నిమిషాల ఊపిరి

శ్రీశైలానికి సినిమా దొరకడం లేదు.

హైదరాబాదులోని సినిమా కళాశాలలో అది అతనికి ఆఖరి సంవత్సరం. ఫిబ్రవరి నెలాఖరుకల్లా ప్రతి విద్యార్థీ పది నిమిషాలు మించని ప్రయోగాత్మక చిత్రం ఒకటి తీసి ఇవ్వాలి. కథ ఉండకూడదన్న నియమమేమీ లేదు గానీ, కథ చెప్పేవాళ్ళంటే అక్కడ కొంచెం చిన్నచూపు. తోటి విద్యార్థుల్లో ఒకమ్మాయి మంచుగడ్డ కరగడాన్ని తీస్తోంది. ఇంకొకతను రైల్వే స్టేషన్ మెట్లెక్కే కాళ్ళను మాత్రమే తీస్తున్నాడు. శ్రీశైలం ఆలోచనలు రాసి రెండు నోటుపుస్తకాలు నింపాడు. ఒక్కటీ నచ్చలేదు.

జనవరి చివర్లో ఊరికి వెళ్ళినప్పుడు దొరికింది.

ఊరు పాలమూరు దాటి ఇంకో గంట ప్రయాణం. ఇంట్లో అన్న కిష్టయ్య మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ఆరు నెలలుగా కూర్చునే నిద్రపోతున్నాడు. వయసు ముప్పై ఆరు. ఊరవతల పలుగురాళ్ళను పిండి చేసే మిల్లులో తొమ్మిదేళ్ళు పనిచేశాడు. ఆ పిండి తెల్లగా, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడిందనీ, ఇక చేయగలిగింది లేదనీ డాక్టరు చెప్పాడు. కిష్టయ్యతోపాటు మిల్లులో చేరిన పదకొండుమందిలో ఇప్పటికి మిగిలింది అతనితో కలిపి నలుగురు.

తండ్రి పోయినప్పుడు శ్రీశైలానికి ఆరేళ్ళు. అప్పటినుంచీ అన్నే పెంచాడు. పట్నంలో సినిమా చదువుకుంటానంటే ఊళ్ళో అందరూ నవ్వారు. కిష్టయ్య నవ్వలేదు. "సిన్మా అయితే ఏంది, అదీ సదువే గద" అన్నాడు.

ఆ మధ్యాహ్నం వదిన సాయమ్మ బయట బట్టలు ఉతుకుతోంది. అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఎదురుగా కూర్చున్న శ్రీశైలానికి గదిలో ఒక శబ్దం వినిపించింది. నిజానికి అది అంతకుముందు నుంచీ ఉన్నదే. లోపలికి పోయేటప్పుడు సన్నగా, తలుపు సందులోంచి గాలి దూరినట్టు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత బయటికి, చాటలో ఇసుక జారినట్టు.

శ్రీశైలం ఒళ్ళు జలదరించింది. బాధతో కాదు. సినిమా దొరికింది.

*

వారం రోజులు కూర్చుని ప్రణాళిక వేసుకున్నాడు. ఒకే షాటు, తొమ్మిది నిమిషాలు. ఫ్రేములో అన్న గొంతు, ఎముకలు తేలిన ఛాతీ, సగం ముఖం. మాట ఉండదు, సంగీతం ఉండదు, ఎక్కడా కత్తిరింపు ఉండదు. ఊపిరే గడియారం. ఉదయం పదకొండు గంటలకు కిటికీ ఊచల నీడ అన్న ఛాతీ మీద పడుతుంది. తొమ్మిది నిమిషాల్లో ఆ నీడ ఒక పక్కటెముక మీది నుంచి ఇంకో పక్కటెముక మీదికి జరుగుతుంది. కాగితం మీద బొమ్మ గీసుకుని, ఆ నీడ ఎంత జరుగుతుందో కొలతలు కూడా వేసుకున్నాడు.

మంచి మైకు కావాల్సివచ్చి సాదిఖ్ సారు దగ్గరికి వెళ్ళాడు.

సాదిఖ్ సారుది కర్నూలు. మద్రాసులోనూ హైదరాబాదులోనూ ముప్పై అయిదేళ్ళు సినిమాలకు శబ్దం పట్టిన మనిషి. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. కళాశాలలో శబ్దం పాఠం ఆయనే చెప్తారు. పాఠం అంటే పెద్దగా మాటలుండవు. పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టి, పావుగంట తర్వాత ఏమేం విన్నారో రాయమంటారు. ఎవరి సినిమా అయినా చివర్లో ఆయన విని సంతకం పెడితేనే కళాశాల తీసుకుంటుంది.

శ్రీశైలం తన ప్రణాళిక మొత్తం చెప్పాడు. సారు విన్నారు. అల్మారా తెరిచి ఒక మైకు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి ఇచ్చారు.

"దగ్గరగా పెట్టు. ఇది చిన్న శబ్దాలను కూడా వదలదు" అన్నారు. అంతే.

*

షూటింగు రోజు శ్రీశైలం ఇంటిని నిశ్శబ్దం చేశాడు. కోళ్ళను అవతలి వీధికి తోలించాడు. వదినను పక్కింటికి పంపాడు. గోడ గడియారం తీసి బియ్యం డబ్బాలో పెట్టాడు. తెచ్చిన ట్రైపాడు మంచం ఎత్తుకు కిందికి దిగలేదు. దాన్ని మూలన పడేసి, నాపరాళ్ళ నేల మీద మోకాళ్ళేసి, కెమెరాను రెండు చేతులతో ఛాతీకి ఆనించుకున్నాడు.

"అన్నా, మాట్లాడొద్దు. ఏమైనా సరే మాట్లాడొద్దు. నా దిక్కు చూడొద్దు. కిటికీ దిక్కు చూడు."

కిష్టయ్య తల ఊపాడు.

మొదటి అయిదు నిమిషాలు అనుకున్నట్టే సాగాయి. నీడ జరుగుతోంది. ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఆరో నిమిషంలో, అనుకోనిది జరిగింది. దుప్పటి కిందినుంచి అన్న కుడిచెయ్యి పైకి లేచింది. మెల్లగా ఫ్రేము అంచువైపు చాచుకుని గాలిలో ఆగింది. వేళ్ళు ఒకసారి ముడుచుకుని తెరుచుకున్నాయి. మళ్ళీ ఒకసారి. చూపు మాత్రం కిటికీ మీదినుంచి కదలలేదు. చెయ్యి వణికింది. చాలాసేపు అలాగే ఉండి, బరువెక్కి, కిందికి దిగిపోయింది.

శ్రీశైలం కెమెరాను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. 'కదలొద్దు, కదలొద్దు' అని తన చేతులకే చెప్పుకున్నాడు. ఎవరు చెప్పినా ఏ నటుడూ అలా చెయ్యలేడు.

తొమ్మిది నిమిషాలు పూర్తవగానే కిష్టయ్యకు దగ్గు తెర వచ్చింది. ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. సాయమ్మ పక్కింటినుంచి పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. అరగంట పట్టింది అది తగ్గడానికి. శ్రీశైలం అప్పటికి కిటికీ దగ్గర నిలబడి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం సరిగ్గా పడిందో లేదో చూసుకుంటున్నాడు.

సరిగ్గానే పడింది.

*

కళాశాలలో తోటి విద్యార్థులకు చూపించాడు. మంచుగడ్డ తీస్తున్న అమ్మాయి, "ఆ చెయ్యి ఉంది చూశావా, అది చావును పిలుస్తున్నట్టుంది" అంది. ఇంకొకరు, కాదు, బతుకును పట్టుకుంటున్నట్టుందన్నారు. ఆ చెయ్యి గురించి ఒక సాయంత్రమంతా వాదించుకున్నారు. శ్రీశైలం ఏ వాదనా కాదనలేదు. గోడకు ఆనుకుని అందరి మాటలూ వింటూ ఉండిపోయాడు. తను మామూలు విద్యార్థి కాదని అతనికి మొదటిసారి అనిపించింది.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా, సంతకం కోసం సాదిఖ్ సారు గదికి వెళ్ళాడు.

అది కిటికీలు లేని గది. గోడలకు మెత్తటి అట్టలు. ఒక గోడంతా తెల్లటి తెర. బల్ల మీద స్టీలు జగ్గు, ఒక గ్లాసు.

"ఎక్కడా కట్ లేదు సార్," అన్నాడు శ్రీశైలం, దీపం ఆర్పకముందే. "మధ్యలో ఒక చెయ్యి వస్తది. అది నేను చెప్పింది కాదు. దానంతట అదే వచ్చింది."

సారు తల ఊపి కుర్చీలో కూర్చున్నారు. సినిమా మొదలైంది.

గదినిండా ఊపిరి. ఇంత పెద్దగా అన్న ఊపిరిని శ్రీశైలం కూడా ఎప్పుడూ వినలేదు. సారు కళ్ళు మూసుకుని విన్నారు. రెండు నిమిషాలు గడిచాయి.

"ఇంట్లో ఫ్యాన్ లేదా?" అన్నారు, కళ్ళు తెరవకుండా.

"ఉంది సార్. బంద్ చేసిన. శబ్దం వస్తదని."

సారు కళ్ళు తెరిచి తెరవైపు చూడడం మొదలుపెట్టారు.

ఆరో నిమిషం. గోడమీద చెయ్యి లేచింది.

సాదిఖ్ సారు కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మోకాళ్ళ నొప్పి మనిషి, లేవడం కష్టం. బల్ల దగ్గరికి వెళ్ళి జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు వంచారు. ఆ గ్లాసు పట్టుకుని తెరదాకా నడిచారు. చెయ్యి ఏ వైపుకి చాచి ఉందో ఆ వైపున నిలబడి, గ్లాసు ముందుకు చాపారు.

గోడమీద చెయ్యి మనిషంత ఉంది. దాని ముందు ఆయన చేతిలో గ్లాసు చాలా చిన్నగా ఉంది.

వేళ్ళు ముడుచుకున్నాయి. తెరుచుకున్నాయి. ఆయన తెల్లచొక్కా మీద సినిమాలోని కిటికీ ఊచల నీడలు పడుతున్నాయి. గ్లాసు దించలేదు. శ్రీశైలానికి ఆ నిడివి తెలుసు. నలభై రెండు సెకన్లు. ఎన్నోసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు అది తరగలేదు. సారు చెయ్యి వణకడం మొదలైంది. నీళ్ళు తొణికి నేలమీద పడ్డాయి. గోడమీది చెయ్యీ వణుకుతోంది. ఇద్దరు ముసలివాళ్ళు ఒకరికొకరు అందనట్టుంది. కానీ వాళ్ళలో ఒకరికి ముప్పై ఆరేళ్ళే.

గోడమీది చెయ్యి దిగిపోయింది.

సారు ఇంకొక క్షణం అక్కడే ఉండి, వెనక్కి వచ్చి, గ్లాసును శ్రీశైలం ముందు బల్ల మీద పెట్టారు. కుర్చీలో కూర్చుని మిగతా సినిమా ఆఖరిదాకా చూశారు.

దీపం వెలిగింది. శ్రీశైలానికి ముందు కోపమొచ్చింది. తర్వాత గొంతు ఎండిపోయింది. ఎదురుగా నీళ్ళున్నాయి. ముట్టుకోలేకపోయాడు.

"శబ్దం ఎట్లుంది సార్?" అన్నాడు. అదొక్కటే నోటికొచ్చింది.

"శుభ్రంగా ఉంది. మంచి చెవి నీది" అన్నారు సారు. కాగితం తీసుకుని సంతకం పెట్టి ఇచ్చారు.

*

ఆ కాగితం జేబులో పెట్టుకుని శ్రీశైలం బస్సెక్కాడు. కెమెరా హాస్టలు గదిలోనే ఉండిపోయింది.

అన్న అదే గోడకు ఆనుకుని ఉన్నాడు. మూడు వారాల్లో ఇంకా చిన్నగా అయ్యాడు. తమ్ముణ్ణి చూసి ముఖం విప్పారింది.

"చెప్పకుండ... వస్తివేంరా."

మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగాలి. శ్రీశైలం మంచం పక్కన కూర్చున్నాడు. ఏదేదో అడిగాడు. మందులు, తిండి, నిద్ర. సాయమ్మ చాయ్ తెచ్చి ఇచ్చి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు గానీ అసలు మాట రాలేదు.

"అన్నా, ఆనాడు చెయ్యి లేపినవు గద. నీళ్ళు గావాల్ననా?"

"ఏనాడు?"

"సిన్మా తీసిన్నాడు."

కిష్టయ్య గుర్తు తెచ్చుకున్నాడు. పెదాలు కొద్దిగా నవ్వాయి.

"నీళ్ళకు... గాదు."

"మరి?"

"నువ్వు మోకాళ్ళ మీదుంటివి. బండల మీద. కాళ్ళు వణకవట్టె... నీయి. పక్కన పీట ఉండె. అది గుంజుకోని... కూసోరా, అందామనుకుంటి." ఆగాడు. ఊపిరి కూడగట్టుకున్నాడు. "మాట్లాడొద్దంటివి. నీ దిక్కు చూడొద్దంటివి. అందుకే... చెయ్యి చూపిస్తి. నువ్వు చూడకపోతివి."

శ్రీశైలం తల వంచుకున్నాడు. కిష్టయ్య అది గమనించినట్టు లేదు. సినిమా సంగతి వచ్చినందుకు అతనికి హుషారుగా ఉంది.

"మీ సార్లు చూసిండ్రా? ఏమన్నరు?"

"ఒక సార్ చూసిండు. ఏమనలే."

"బాగలేదన్నడా?"

"కాదన్నా. నువ్వు చెయ్యి చాపినవు గద. ఆయన లేచి, నీళ్ళ గిలాస పట్టుకొని నిలబడ్డడు."

"ఎవరికి?"

"నీకు."

"సిన్మాల ఉన్న... నాకా?"

"ఊ."

కిష్టయ్య తల పక్కకు తిప్పాడు. కిటికీ బయట కోడి ఒకటి మట్టి గీరుతోంది. దాన్నే చూస్తూ ఉన్నాడు.

"పెద్దమనిషా?"

"పెద్దమనిషే. డెబ్బయికి దగ్గరుంటడు."

"అడిగిన్నని... చెప్పు."

*

మర్నాడు వెళ్ళిపోదామనుకున్నవాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. గడువు వచ్చింది, దాటిపోయింది. హాస్టలు నుంచి ఫోన్లు వచ్చాయి. మంచుగడ్డ అమ్మాయి, నీ గదిలో సినిమా ఉన్న డ్రైవ్ ఎక్కడుందో చెప్పు, నేను ఇచ్చేస్తానంది. వద్దన్నాడు.

"ఏడాది పోతది శ్రీశైలం."

"పోనీ" అన్నాడు.

గోడకు ఆనుకుంటే అన్న వీపు ఎముకలు ఒరుసుకుని పుండ్లు పడుతున్నాయి. దిండ్లు ఎన్ని పెట్టినా జారిపోతున్నాయి. ఒకరోజు శ్రీశైలం మంచమెక్కి అన్న వెనక కూర్చుని, తన వీపును అన్న వీపుకు ఆనించాడు. కిష్టయ్య బరువంతా వదిలేశాడు. పెద్ద బరువేమీ లేదు. కొంతసేపటికి నిద్రపోయాడు.

ఆ రోజునుంచి అదే పద్ధతి. వదిన వచ్చి మారతానంటే లేచేవాడు, లేకపోతే అలాగే కూర్చునేవాడు. అక్కడినుంచి అన్న ముఖం కనిపించదు. ఎదురుగా ఖాళీ గోడ. ఊపిరి మాత్రం వీపుకు తగిలేది. ఎప్పుడు ఆగుతోందో, ఎప్పుడు మళ్ళీ మొదలవుతోందో. మొదట్లో అది ఆగినప్పుడల్లా శ్రీశైలం కూడా ఊపిరి బిగబట్టేవాడు. అలా బిగబడితే తన వీపు గట్టిపడి అన్న కదులుతున్నాడని తెలిశాక మానేశాడు.

మార్చి ఎనిమిదిన, పొద్దున తొమ్మిది దాటాక, వీపుకు తగిలేది ఆగింది. శ్రీశైలం ఎదురుచూశాడు. పొయ్యి దగ్గర సాయమ్మ గిన్నెలు తోముతోంది. అతను ఆమెను వెంటనే పిలవలేదు. వెనక్కి తిరిగితే అన్న పడిపోతాడు. అందుకని కదలకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

చివరికి "వదినా" అన్నాడు. ఆ ఒక్క పిలుపుతోనే ఆమెకు అర్థమైంది.

మిల్లునుంచి మిగిలిన ముగ్గురూ వచ్చారు. మోయడానికి వాళ్ళకు శక్తి లేదు. పాడె వెనక ఆగి ఆగి నడిచారు.

*

పదకొండో రోజు అయ్యాక శ్రీశైలం కళాశాలకు వచ్చాడు. మళ్ళీ ఏడాది చదవాలా, మానెయ్యాలా అన్నది ఆఫీసులో చెప్పాలి. ఆఫీసుకు వెళ్ళకుండా తిన్నగా సాదిఖ్ సారు గదికి వెళ్ళాడు.

సారు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరిదో సినిమా వింటున్నారు. శ్రీశైలం గుండు చూశారు. హెడ్‌ఫోన్స్ తీసి, యంత్రం ఆపేసి, కుర్చీ చూపించారు.

శ్రీశైలం కూర్చోలేదు.

"నీళ్ళకు కాదంట సార్," అన్నాడు. "నేను మోకాళ్ళ మీద ఉన్ననని, పీట గుంజుకొని కూసోమన్నడంట."

సారు ముఖం మారింది. ఆయన చూపు ఒకసారి ఖాళీ తెరమీదికి పోయి వచ్చింది.

"నాకూ వినపడలేదు" అన్నారు.

గదిలో యంత్రాలేవీ మోగడం లేదు.

"మీ గురించి చెప్పిన సార్. గిలాస సంగతి. మిమ్మల్ని అడిగిన్నని చెప్పమన్నడు."

సారు కుర్చీని శ్రీశైలానికి దగ్గరగా జరుపుకున్నారు. ఒక చెవి సరిగ్గా పనిచెయ్యదాయనకు. పనిచేసే చెవిని ఇటువైపు తిప్పారు.

"ఆయన ఊపిరి తప్ప నేనేమీ వినలేదు," అన్నారు. "ఆ మాట ఎట్లా అన్నాడు? ఆయన అన్నట్టే అను."

శ్రీశైలం అన్న గొంతు కోసం లోపల వెతుక్కున్నాడు. నోరు తెరిచాడు.

సాదిఖ్ సారు కళ్ళు మూసుకున్నారు.